టాపు తెరిచే ఉంది

మా బావ ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. జనాన్ని నిలువునా పైకి పంపి, నిలువునా కిందికి దింపడం ఆయన ఉద్యోగం. తాడు అరిగిన లిఫ్టు, బ్రేకు పట్టని లిఫ్టు, తలుపు మూసుకోనని మొరాయించే లిఫ్టు, ఏదైనా సరే ఆయన గోతిలోకి దిగాడంటే దారికి రావలసిందే. "ఇంతమందిని పైకి పంపాను, నేనెప్పుడు పైకి వెళ్ళేది?" అంటూ నలభయ్యో ఏట విమానం నడపడం నేర్చుకున్నాడు. "శుభమా అని నేర్చుకుంటూ ఆ మాటేమిటండీ" అని మా అక్క విసుక్కుంది. ఆ విసుగు ఇరవై రెండేళ్ళయినా తగ్గలేదు. ఆవిడ ఇంతవరకు ఆ విమానం ఎక్కనూ లేదు. భూమ్మీదే తనకు బోలెడు పనులున్నాయంటుంది.

పెద్ద విమానమేమీ కాదు. ఇద్దరు ఎక్కితే మూడో మనిషి చేతిసంచికి కూడా చోటుండదు. నెత్తిమీద రెక్క, కింద మూడు చక్రాలు, ముందు ఒక పంకా. ఊరికి అవతల గడ్డి మైదానం, దాని అంచున ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో పదిమంది కలిసి కొనుక్కున్న ఈ బొమ్మలాంటి విమానం. సెలవు రోజుల్లో వంతులు వేసుకుని నడుపుకుంటారు. అందులో పళ్ళ డాక్టరున్నాడు, ట్రాక్టర్లమ్మే పెద్దమనిషి ఉన్నాడు, బ్యాంకు మేనేజరమ్మ ఉంది. ఏ ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు, ఈ ఒక్క పిచ్చిలో తప్ప. వాళ్ళందరికీ మా బావ "లిఫ్టు మాస్టారు".

మాస్టారనడం ఊరికే కాదు. ఇంజను స్టార్టు చేసేముందు చెయ్యవలసిన ఏడు పనులను ఒక పాఠంలా కూర్చి, అందరికీ నేర్పింది ఆయనే. ఒక్కొక్కటీ వేలితో తాకాలి, నోటితో పైకి చెప్పాలి. "బెల్టులు, బిగించాం. తలుపులు, మూశాం. పెట్రోలు టాపు, తెరిచే ఉంది." ఇలా ఏడు. ఈ జబ్బు ఇంట్లోకి కూడా వచ్చేసింది. బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "గ్యాసు, కట్టేశాం. కిటికీలు, మూశాం. తాళంచెవి, జేబులో ఉంది" అంటాడు. "మొగుడు, గుమ్మంలోనే ఉన్నాడు, ఇంకా కదల్లేదు" అని మా అక్క లోపలినుంచి అందుకుంటుంది.

ఇక నా సంగతి. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పందొమ్మిదేళ్ళుగా జనం ఎముకలు చూస్తున్నాను. బావ నన్ను బొమికల డాక్టరని ఏడిపిస్తాడు. నేను పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మా ఇంటి అల్లుడయ్యాడు కాబట్టి ఆ హక్కు ఆయనకుంది, తిరిగి అనే హక్కు నాకుంది. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఇరవై రెండేళ్ళలో ఆయన పేరుమీద ఒక్క మచ్చ లేదు. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

మూడేళ్ళ క్రితం ఈ పదిమందిలో ఒకడైన సైకిళ్ళ షాపతను గాల్లోకి లేచిన కాసేపటికే ఇంజను ఆగిపోయి, పక్క పొలంలో దిగి చక్రం విరగ్గొట్టాడు. వెళ్ళి చూస్తే పెట్రోలు టాపు మూసి ఉంది. రెండు సీట్ల మధ్య, మోకాళ్ళ దగ్గర, వేలెడంత ఎర్ర పిడి అది. గొట్టం వెంట నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. విమానం నిలిపాక మూసెయ్యడం, మళ్ళీ స్టార్టు చేసేముందు తెరవడం షెడ్డులో రివాజు. మూసి ఉన్నా, ఇంజను గిన్నెల్లో మిగిలిన పెట్రోలుతో స్టార్టవుతుంది, మైదానం చివరిదాకా వెళ్తుంది, ఖర్మకాలితే గాల్లోకి కూడా లేస్తుంది. అక్కడితో సరి.

దాని గురించి పెట్టిన మీటింగుకి నేను కూడా వెళ్ళాను, అక్క పంపిన టీ ఫ్లాస్కు పట్టుకుని. బావ లాయరులా లేచి నిలబడ్డాడు.

"దిగేటప్పుడు నిప్పంటుకోకుండా మూశావా టాపు?"

"లేదు మాస్టారూ. అంత టైం లేదు."

"అంటే ముందునుంచే మూసి ఉంది."

"లేదండీ, తెరిచాను. చేత్తో తాకాను. తెరిచే ఉందని పైకి చెప్పాను. నాకు బాగా గుర్తు."

"టాపుకి అబద్ధమాడటం రాదు బాబూ. మరి ఆడుతున్నదెవరు?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మనిషి మొహం మాడిపోయింది. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. బావ ఇంటికొచ్చి, "తప్పు చేస్తే క్షమించొచ్చు, అబద్ధమాడితే ఎలా?" అన్నాడు. నేను కూడా "అవును మరి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఈ ఏడు, విమానాల ఆఫీసు నుంచి కొత్త రూలు ముసాయిదా వచ్చింది. సరదాకి నడిపేవాళ్ళు కూడా ఏటా ఒక గంట పరీక్షాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలట. అంతవరకు అలాంటిదేమీ లేదు. ఒకసారి లైసెన్సు వచ్చిందంటే, ఒంట్లో బాగానే ఉందని, సరిపడా నడుపుతూనే ఉన్నానని ఎవరికి వారు సంతకం పెట్టుకోవడమే. షెడ్డులో అగ్గి రాజుకుంది.

"నా పళ్ళూడిన వయసులో కుర్రకుంకలొచ్చి నాకు మార్కులేస్తారా?" అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి.

"రోడ్లమీద రోజూ గుద్దుకు చస్తున్నారు. వాళ్ళకి లేని పరీక్ష మనకెందుకండీ?" అన్నాడు ట్రాక్టర్లాయన.

"గంటే కదా, పోయేదేముంది?" అని బ్యాంకు మేనేజరమ్మ అనబోతే అందరూ ఆవిడ వంక గుర్రుగా చూశారు.

తీర్పు చెప్పింది బావే. "రూలు అలవాటు లేనివాడికి. అలవాటున్నవాడికి అలవాటే రూలు." కూర్చుని ఆఫీసుకి ఉత్తరం రాశాడు. అందులో ఒక వాక్యం అందరికీ నోటికొచ్చేసింది: "ఇరవై రెండేళ్ళ అలవాటే మా పరీక్షాధికారి." మొదటి సంతకం ఆయనదే. ఆయన పేరు లేకపోతే ఆ ఉత్తరానికి విలువే లేదు, ఎందుకంటే ఆఫీసువాళ్ళకు కూడా మచ్చలేని మనిషిగా తెలిసింది ఆయనొక్కడే. పై శనివారం మీటింగులో అందరూ సంతకాలు పెట్టి పంపించాలని అనుకున్నారు.

ఆ ముందు ఆదివారం పొద్దున నేను విమానమెక్కాను. అంతకుముందు రెండుసార్లు ఎక్కాను కాబట్టి భయమేమీ లేదు. అప్పుడే పళ్ళ డాక్టరు ఒక చుట్టు తిరిగొచ్చి దిగాడు, ఇంజను ఇంకా వేడిగానే ఉంది. అక్క ఎలాగూ ఎక్కదు, కనీసం చూపిద్దామని ఫోనులో వీడియో తీస్తున్నాను. బావ గళ్ళ చొక్కాతో, పాత టోపీతో, పాఠం మొదలుపెట్టాడు. నేను ఊరుకోకుండా ఏదేదో వాగుతూనే ఉన్నాను. ఆయన పాఠం ఆపలేదు, అన్నీ తాకాడు, అన్నీ చెప్పాడు. పంకా తిరిగింది. గడ్డిమీద గతుకులు తగ్గి, చక్రాలు నేలను వదిలాయి.

షెడ్డు రేకులు కిందికి జారిపోయాయి. రోడ్డుమీద ఒక లారీ అగ్గిపెట్టంత కనిపించింది. "అక్కా, చూడవే" అని నేను ఫోనుతో అంటున్నాను. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఆగిపోవడమంటే ఎలా ఉంటుందో నేను సరిగ్గా చెప్పలేను. కళ్ళముందు కనిపించకుండా తిరిగే పంకా ఉన్నట్టుండి కట్టెపేడులా అడ్డంగా నిలబడింది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను ఎప్పుడు జారిపడిందో తెలియదు.

"గట్టిగా కూర్చో" అన్నాడు బావ. అంత మామూలుగా అన్నాడు, అక్క అన్నానికి పిలిస్తే "వస్తున్నా" అన్నట్టు. మైదానంవైపు విమానాన్ని వెనక్కి తిప్పలేదు. ముక్కు కిందికి వంచి, ఎదురుగా ఉన్న కోత కోసిన చేనులోకి పోనిచ్చాడు. చేను మామీదికి పరుగెత్తుకొచ్చింది. చివర్లో ఆయన చెయ్యి సీట్ల మధ్యకు వెళ్ళడం చూశాను. తర్వాత పెద్ద చప్పుడు, దుమ్ము, నా నాలుక నా పళ్ళ మధ్య. ముందు చక్రం కాలు వంగిపోయి విమానం మూతి నేలకు ఆనించి ఆగింది. ఇద్దరం బతికే ఉన్నాం.

బావ నన్ను కిందికి దింపి, నా చేతులు, మెడ తడిమి చూసి, "ఎక్స్‌రే అక్కర్లేదులే" అన్నాడు. తర్వాత మెల్లగా వెళ్ళి చేను గట్టుమీద కూర్చున్నాడు.

మర్నాడు ఆఫీసునుంచి ఒక అధికారి వచ్చాడు. మెకానిక్ టాపు తెరిచి, పంకా విప్పేసి, ఇంజను తిప్పి చూస్తే ఒక్క పిలుపుకే పలికింది. "బంగారం లాంటి ఇంజనండీ" అన్నాడు.

"మరి ముందు టాపు మూసి ఉందేమిటి?" అని అధికారి అడిగాడు.

"దిగేటప్పుడు నేనే మూశాను. నిప్పంటుకోకుండా మూసెయ్యాలి కదండీ" అన్నాడు బావ.

"స్టార్టు చేసేటప్పుడు?"

"తెరిచే ఉంది. తాకాను, చెప్పాను. నాకు బాగా గుర్తు."

లిఫ్టు మాస్టారి మాటకు తిరుగేముంది? కారణం ప్రస్తుతానికి తెలియదని అధికారి రాసుకున్నాడు. జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, వారంలోగా పంపమని ఒక ఫారం ఇచ్చి వెళ్ళాడు. పళ్ళ డాక్టరు బావను కావలించుకున్నాడు. "చూశారా! అలవాటే రెండు ప్రాణాలు నిలబెట్టింది. ఇది కూడా ఉత్తరంలో రాయాల్సిందే!" రాశారు కూడా. బావ ఛాతీ రెండంగుళాలు పొంగిన మాట నిజం. కానీ ఇంటికొచ్చాక తెల్లకాగితం మీద ఇంజను ఆగడానికి ఉన్న కారణాలు పదకొండు రాసి, ఒక్కొక్కటే కొట్టేస్తూ కూర్చున్నాడు. నీళ్ళు కలిసిన పెట్రోలు, కొట్టేశాడు. పాడైన ప్లగ్గు, కొట్టేశాడు. మూసిన టాపు అన్న కారణం ఆ పదకొండింటిలో లేనేలేదు.

బుధవారం మధ్యాహ్నం, ఆస్పత్రిలో నా గదిలో భోజనం డబ్బా ముందు పెట్టుకుని, ఆ వీడియో పెట్టి చూశాను. ఫోను అద్దం పగిలింది గాని బొమ్మ బాగానే కనిపిస్తోంది. అక్క భయపడకుండా చివరి ముక్క తీసేసి పంపుదామని నా ఉద్దేశం.

గళ్ళ చొక్కా. పాత టోపీ. "బెల్టులు, బిగించాం. తలుపులు, మూశాం." అప్పుడు నా గొంతు: "బావా, ఒక్కసారి ఇటు చూసి నవ్వండి, అక్క మురిసిపోతుంది." బావ నావైపు తిరిగాడు. నవ్వాడు. ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు, కిందికి వెళ్ళి ఎర్ర పిడిమీద రెండుసార్లు తట్టింది. "పెట్రోలు టాపు, తెరిచే ఉంది."

పిడి అడ్డంగా ఉంది.

చేతిలో ముద్ద డబ్బాలో వదిలేశాను. వెనక్కి తిప్పి చూశాను. వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చూశాను, ఎముకలో పగులుందేమోనని వెతికినట్టు. పగుళ్ళు పట్టడంలో నాకు పొరపాటు రాదు. ఎముక విరిగిన మనిషికన్నా ముందు ఆ సంగతి తెలిసేది నాకే. అడ్డంగా ఉంది. నవ్వమన్నది నేను. నవ్వింది ఆయన. ఆ నవ్వు పూర్తయ్యేలోపు మేమిద్దరం చావడానికి సిద్ధమైపోయాం, అదీ హాయిగా కబుర్లు చెప్పుకుంటూ.

చెరిపేస్తే? ఈ ఆలోచన రాలేదంటే నేను అబద్ధమాడినట్టే. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. శనివారం ఆయన ఫారం మీద సంతకం పెడతాడు, ఉత్తరం పోతుంది, ఆయన పేరు ఆయనకు ఉంటుంది. చెప్తే లైసెన్సు ఆపేస్తారు. ఆయనకు ఆ పిచ్చి తప్ప ఇంకో లోకం లేదు. నా వేలు చెరిపే గుర్తుమీద చాలాసేపు ఉంది. బయట ఒకావిడ తలుపు కొట్టి "మావాడి చెయ్యి చూస్తారా అమ్మా" అనేసరికి ఫోను జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం డ్యూటీ దిగగానే తిన్నగా అక్కావాళ్ళింటికి వెళ్ళాను.

బావ పదకొండు కారణాల కాగితం ముందు కూర్చుని ఉన్నాడు. నేనేమీ చెప్పకుండా ఫోను ఆయన చేతిలో పెట్టాను. అక్క ఆయన భుజంమీదుగా వంగింది.

చూశాడు. "ఇది వేరే రోజుది" అన్నాడు.

"ఆదివారందే బావా."

"కాదే. ఆదివారం నేను తెరిచాను. నాకు గుర్తుంది."

"చొక్కా చూడండి" అంది అక్క నెమ్మదిగా. "ఆ చొక్కా నేను శనివారమేగా కొన్నది. ఆదివారమే మొదటిసారి వేసుకున్నారు."

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. ఆరోసారికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో చెయ్యి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నాకు గుర్తుందే" అన్నాడు. "పిడి తిప్పడం గుర్తుంది. చల్లగా తగలడం కూడా గుర్తుంది. లేనిది ఎలా గుర్తుంటుంది?"

ఎముకలకు ఎక్స్‌రే ఉంది గాని, ఈ ప్రశ్నకు నా దగ్గరేముంది?

"నేనే నవ్వమన్నాను బావా. తప్పు నాది."

"నవ్వమంటే నవ్వొచ్చు. చూడకుండా చూశానని చెప్పమన్నావా?" అన్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అతను కూడా ఇదే అన్నాడు" అన్నాడు. "తాకాను, చెప్పాను, బాగా గుర్తు. ఇవే మాటలు. మూయడానికి టైం లేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. నాలాగా దిగేటప్పుడు మూశానని ఒక్క ముక్క అనుంటే అతన్నెవడూ అడిగేవాడే కాదు. నిజం చెప్పినందుకు... నేను పదిమందిలో అబద్ధాలకోరన్నాను."

అక్క కుర్చీ ఎత్తి నిలబెట్టింది. ఆయన కూర్చోలేదు.

ఫారం ఆయన గురువారమే పంపేశాడు. తొమ్మిది వాక్యాలు, వీడియోతో సహా. కానీ శనివారం షెడ్డుకి వెళ్ళేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్ను వెంట రమ్మన్నాడు. విమానం మూతికింద చెక్కపెట్టె పెట్టి నిలబెట్టారు. మిగతా ఎనిమిదిమందీ వచ్చారు. ఉత్తరం బల్లమీద రెపరెపలాడుతోంది, దానిమీద ఒక స్పానరు బరువు పెట్టారు.

"ఉత్తరంతోపాటు మన అలవాటెలాంటిదో చూపిస్తే బాగుంటుంది" అన్నాడు బావ. "ఒక్కొక్కరూ ఎక్కి కూర్చుని ఏడు పనులూ చెప్పండి. ఇంజను స్టార్టు చెయ్యొద్దు. మా మరదలు వీడియో తీస్తుంది."

అందరూ సంబరపడ్డారు. పళ్ళ డాక్టరు జేబుదువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. టాపు మూసే ఉంది, ఎప్పటిలాగే. నాకు బావ చెప్పిన పని ఒక్కటే: టాపు దగ్గరికి వచ్చేసరికి, ఇటు చూసి నవ్వమనడం. దొంగతనానికి వచ్చినదానిలా ఫోను పట్టుకుని నిలబడ్డాను.

బ్యాంకు మేనేజరమ్మ నవ్వలేదు. "ఆగమ్మా" అని, వంగి, పిడి తిప్పి, అప్పుడు చెప్పింది. ఇంకో ఇద్దరు కూడా తిప్పారు. తిప్పినవాళ్ళు దిగగానే బావ రివాజు ప్రకారం మళ్ళీ మూసేవాడు. మిగిలిన ఐదుగురు నవ్వారు. ఐదుగురూ తట్టారు. ఐదుగురూ తెరిచే ఉందన్నారు. ట్రాక్టర్లాయన కెమెరాకి కన్నుకూడా కొట్టాడు. పళ్ళ డాక్టరు నవ్వమనక్కర్లేకుండానే నవ్వుతూ, ఆ పిడి వంక సూటిగా చూస్తూ, అడ్డంగా ఉన్న పిడిని చూస్తూ, "తెరిచే ఉంది" అన్నాడు. నవ్వమనడం వల్లే జరిగిందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన సమాధానం అక్కడితో పోయింది.

బావ ముందు తన వీడియో చూపించాడు. తర్వాత వాళ్ళవి, ఒక్కొక్కటే. ఒకాయన విమానం దగ్గరికి వెళ్ళి పిడిని చేత్తో పట్టుకుని చూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఇది మోసం!" అన్నాడు పళ్ళ డాక్టరు. మొహం కందగడ్డయిపోయింది. "నేను... నేను చూశాను. నిలువుగానే ఉంది. ఆ తర్వాత ఎవరో..." అని మధ్యలో ఆగిపోయాడు. ఆగిపోయి బావ వంక చూశాడు.

"నాకూ అలాగే గుర్తుంది డాక్టరుగారూ" అన్నాడు బావ.

స్పానరు పక్కకు తీసి, ఉత్తరం మీద తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు. "ఇరవై రెండేళ్ళ అలవాటే మా పరీక్షాధికారి" అన్న వాక్యాన్ని కొట్టేయలేదు. దానికింద వేలు పెట్టి, "ఇది పంపాలనుకుంటే పంపండి. చదివినప్పుడల్లా ఈ వీడియో కూడా గుర్తు తెచ్చుకోండి" అన్నాడు. అందరూ ఒక్కసారిగా మారిపోయారని చెప్పను. ఐదుగురు సంతకాలు పెట్టారు, ఉత్తరం పోయింది కూడా. ముగ్గురు పెట్టలేదు. అందులో పళ్ళ డాక్టరొకడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, మూత పెట్టేసి వెళ్ళిపోయాడు.

షెడ్డునుంచి బావ ఇంటివైపు తిరగలేదు. కారు బజారువైపు పోనిచ్చాడు.

సైకిళ్ళ షాపు అంతా కలిపి ఒక గది. వెనక తలుపు, ఆ వెనక ఇల్లు. పైనుంచి టైర్లు వేలాడుతున్నాయి. ఆ మనిషి పీటమీద కూర్చుని ఒక చక్రాన్ని తిప్పుతూ, ఎక్కడ వంకర ఉందో చూస్తూ, పుల్లలు బిగిస్తున్నాడు. మూడేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. బావను చూడగానే గబగబా లేచాడు.

"రండి మాస్టారూ. ఎలా ఉన్నారు? పొలంలో దిగారని విన్నాను. దెబ్బలేమీ తగల్లేదు కదా?"

ఆ పలకరింపుకే బావ సగం చచ్చిపోయాడు. నా దగ్గర్నుంచి ఫోను తీసుకుని చాచాడు. అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, ఫోను రెండుచేతులతో అందుకున్నాడు. బెల్టులు, బిగించాం. తలుపులు, మూశాం. నా వెధవ గొంతు. తెరిచే ఉంది.

చూశాడు. అర్థం కానట్టు బావ వంక చూశాడు.

"నేను తెరిచాననే అనుకున్నాను" అన్నాడు బావ. "ఇప్పటికీ తెరిచినట్టే గుర్తు. దేవుడిమీద ఒట్టేసి చెప్పమన్నా చెప్పుండేవాణ్ణి. నువ్వు ఆ రోజు అబద్ధం చెప్పలేదు. నేనే నిన్ను... నలుగురిలో..." మిగతాది చెప్పలేక ఆగిపోయాడు. అరవై రెండేళ్ళ మనిషి, కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచక అలా నిలబడ్డాడు.

సైకిళ్ళ షాపతను పీటమీద కూలబడ్డాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని చేత్తో ఆపాడు.

"నేను అబద్ధమే ఆడాననుకుంటున్నాను మాస్టారూ" అన్నాడు. "మొదట్లో కాదు. మొదట్లో తెరిచానని బాగా తెలుసు. కానీ మీ అంతటి మనిషి అన్నాక, టాపేమో మూసి ఉన్నాక, ఇంకెలా అనుకోమంటారు? భయపడి అబద్ధమాడేసుంటాను, అదే నిజమని నన్ను నేను నమ్మించుకున్నాను కాబోలు అనుకున్నాను. మా ఆవిడ నన్ను వెనకేసుకొస్తుంటే పడలేక, ఒకరోజు తనతో కూడా చెప్పేశాను. అవునే, అబద్ధమాడాను, ఇంక ఆ ఊసెత్తకని. అప్పట్నుంచి తను ఎత్తలేదు. నేనేం చెప్పినా మారుమాట్లాడదు. కానీ ఒకసారి నా మొహం వంక చూస్తుంది."

బావ గోడకు ఆనుకున్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను, పడిపోతాడేమోనని. విమానం ఆగిపోయినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

అతను ఫోను వంక మళ్ళీ చూశాడు. "దీన్ని మొదటినుంచి ఎలా పెట్టాలమ్మా?" అని నన్నడిగాడు. చూపించాను. మసి అంటకుండా వేలికొసతో అద్దాన్ని తాకి, మొదటికి తెచ్చి, ఆపి పట్టుకున్నాడు.

తర్వాత వెనక తలుపువైపు తిరిగి, "ఏమేవ్, ఒకసారి ఇటు రా" అని పిలిచాడు.